నీళ్లు కారే గోడ

తొలకరి వాన పడిన గంటలోపు మా బాపు ఫోను మోగడం మొదలవుతుంది. ఇటు జహనుమా నుంచి, అటు శాలిబండ దాకా, పైకప్పు కారుతున్న ఇళ్లవాళ్లందరి దగ్గరా ఆయన నంబరుంటుంది. బాపు తాపీమేస్త్రి. గోడలు కూడా బాగా కడతాడు కానీ, పాతబస్తీలో ఆయనకు పేరు తెచ్చినవి గోడలు కావు, కప్పులు. నీళ్లు ఒకచోట దిగి ఇంకోచోట బయటపడతాయి. తడి కనిపించే చోటు చూసి దిగే చోటు కనిపెట్టడం ఆయన విద్య.

మరమ్మతు పూర్తయ్యాక ఆయన పెట్టే పరీక్ష ఒకటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కనుక వరుస తప్పకుండా చెప్పగలను. ముందు కప్పు మీది నీటి గొట్టాల మూతులకు గుడ్డలు కుక్కుతాడు. అంచుల్లో మట్టితో చిన్న కట్ట పోస్తాడు. బెత్తెడు లోతు నీళ్లు నింపుతాడు. అప్పుడు కిందికి దిగి, సరిగ్గా ఆ చోటు కింద కుర్చీ వేయించుకుని, చాయ్ తెప్పించుకుని, తల పైకెత్తి కూర్చుంటాడు. మొదటి రెండు గంటలు ఎవరితోనూ మాట్లాడడు. ఒక్క బొట్టు రాలినా పని మళ్లీ మొదటి నుంచి.

ఒకసారి మా గల్లీ చివరి ఇంటి ఖాలా ఆ కూర్చోవడం చూసి ఆటపట్టించింది.

"క్యా మేస్త్రీ, ఛత్ కో నజర్ లగారే క్యా?"

"నజర్ నై ఖాలా, పహరా దేరౌఁ."

కప్పుకు దిష్టి పెడుతున్నావా అని ఆమె. కాపలా కాస్తున్నానని ఈయన. ఆ ఇల్లు ఇప్పటికీ కారదు. ఖాలా మాత్రం ప్రతి వానాకాలం ఫోను చేసి, "కారడం లేదు, ఊరికే చెబుదామని చేశాను" అంటుంది. బాపు ఆ రోజంతా సంతోషంగా ఉంటాడు.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేశాను. భవనాల వైపు వెళ్తాననుకున్నారు అందరూ. మట్టి కొట్టుకుపోకుండా, వాన నీళ్లు నేలలో ఇంకేలా పల్లెల్లో పనులు చేయించే ఒక చిన్న సంస్థలో చేరాను. నా పనేమిటని చుట్టాలు అడిగితే మొదట్లో పెద్ద పెద్ద మాటలు చెప్పేవాణ్ని. తర్వాత కుదించుకున్నాను. పరుగెత్తే నీళ్లను నడిపించడం, నడిచే నీళ్లను ఇంకించడం. ఇంట్లో ఒక మనిషి ముప్పయ్యేళ్లుగా నీళ్లు ఇంకకుండా చూస్తున్నాడు, రెండో మనిషి ఇంకించడానికి రోజూ బయల్దేరుతున్నాడు అని అమ్మ నవ్వేది.

మా ఇంటి నుంచి జల్‌పల్లి పక్కగా పోయి శ్రీశైలం రోడ్డు ఎక్కితే, బైకు మీద గంటన్నరలో ఆ ఊరు వస్తుంది. ఎర్ర చెలకలు, అంటే మెట్టచేలు, వాటి పైన ఒక గుట్ట, గుట్ట మీద నుంచి చేల మధ్యగా దిగే ఒక ఒర్రె. వానపడితే గంటసేపు ఏరులా పారి, మరుసటి రోజుకు ఎండిపోయే పాయ అది. పారిన ఆ గంటలోనే రెండు పక్కల చెలకల మట్టిని కోసుకుని పోతుంది.

పని వరుస పైనుంచి కిందికి. గుట్ట వాలులో కందకాలు, చెలకల్లో మట్టి గెట్లు, ఒర్రెలో ఆరు చోట్ల అడ్డంగా రాళ్లకట్టలు, అన్నింటికన్నా కింద ఒక కుంట, దానికి నీళ్లు పొర్లిపోయే చిన్న సిమెంటు మత్తడి. ఈ వరుస నేను కాలేజీలో నేర్చుకున్నాను. ఆ ఊరివాళ్ల దగ్గర ఇంకొకటి నేర్చుకున్నాను. అక్కడ ఒర్రెకు అడ్డంగా ఏది కట్టినా మొదటి రాయి కట్టకు ఆనుకుని ఉన్న కింది చెలకవాళ్లు పెట్టాలి. తేడా వస్తే ముందు మునిగేది వాళ్లే కనుక. వాళ్లు రాయి పెట్టారంటే ఒప్పుకున్నట్టు. పెట్టలేదంటే ఎంత పెద్దమనిషి చెప్పినా పని మొదలవదు. సంతకాలు, వేలిముద్రలు తీసుకునే మా సంస్థ ఫారాలకన్నా ఇది నాకు గట్టిగా కనిపించింది.

ఐదు కట్టలకు మొదటి రాళ్లు పడ్డాయి. చేలల్లో ఏరిన రాళ్లు ఎవరివి వాళ్లే తెచ్చి, సిమెంటు మాలు గీలు లేకుండా, రాతి మీద రాయి పేర్చారు. ఆరోది ఒక అవ్వ చెలక పక్కన. ఆమె రాయి పెట్టనంది.

అరవై దాటిన మనిషి, ఒంటరిది. ఒర్రె అంచున ఒక ఎకరం చెలక. ఆ ఎండాకాలం చెరువు పూడిక తీస్తుంటే, ఆ నల్లమట్టిని తట్టలతో మోసుకొచ్చి చెలకలో పరిచింది. అందరికీ ట్రాక్టర్లతో తోలారు. ఆమె చెలకకు బండిబాట లేదు, అందుకని నెత్తిన మోసింది. ఒర్రె వైపు మూల బాగా సారం తగ్గిందని అక్కడ మందంగా పోసింది.

"నీళ్లకు అడ్డంబోతే అవి ఊకుంటయా బిడ్డా? పక్కకు తిరుగుతయి. పక్కకున్నది నా చెలక."

"తిరగవవ్వా. మధ్యల పల్లం ఉంచుతం, తొవ్వ అక్కడ్నే ఇస్తం. రాళ్ల సందులకెల్లి గూడ పోతయి. కట్ట ఆపది, నెమ్మది చేస్తది."

"చేసి చూపియ్యి."

"కట్టినంక చూస్తవు గద."

"కట్టినంక చూసుడేంది? పెండ్లయినంక పిల్లను చూసినట్టు. ఇప్పుడు చూపియ్యి."

ఇసుకలో జానెడు ఒర్రె గీశాను. గులకరాళ్లతో అడ్డంగా కట్ట పేర్చి, మధ్యలో రెండు రాళ్లు తీసేశాను. ఆమె తన నీళ్ల సీసా మూత తీసి కొంచెం కొంచెం పోసింది, తర్వాత ఒక్కసారి కుమ్మరించింది. మోకాళ్ల మీద వంగి, నీళ్లు ఎటు పోతాయో చూసింది. మధ్యలోంచే పోయాయి. ఆమె లేచి చెలకలోకి వెళ్లిపోయింది. మరుసటి రోజు పొద్దున నేను వెళ్లేసరికి, కట్ట కోసం సున్నంతో గీసిన గీత మీద ఒక పెద్ద రాయి ఉంది. ఆమె ఒక్కతే దొర్లించుకొచ్చింది.

అప్పటికి రోహిణి కార్తె నడుస్తోంది. ఊళ్లో ఉన్న ఇద్దరు మేస్త్రులూ వేరే పనుల మీద పోయారు. కుంట మత్తడి మిగిలింది, ఆరో కట్ట మిగిలింది. ఇంట్లో బాపు ఖాళీగా ఉన్నాడు. జల్‌పల్లి కొత్త కాలనీల్లో ఇప్పుడు కప్పులకు పైన ఏదో రసాయనం పూసి వెళ్లేవాళ్లు వచ్చారు, ఎండాకాలంలో ఆయనకు పని తగ్గింది. రమ్మని అడిగాను.

"నీ కింద పనిచెయ్యాల్నారా?"

"కింద కాదు బాపూ, తోడు."

"సరె తియ్యి. ఇంజనీరు కొడుకు పిలిస్తే పోకుంటే మంచిగుండదు" అని సంచి సర్దుకున్నాడు. రెండు తాపీలు, సుత్తె, నూలుతాడు, తూకపు గుండు, పదిహేను గజాల పారదర్శకమైన గొట్టం. ఆ గొట్టంలో నీళ్లు నింపి రెండు కొసలు రెండు చోట్ల పట్టుకుంటే, ఎంత దూరంలో ఉన్నా రెండు చోట్లా ఒకే మట్టం దొరుకుతుంది. నా దగ్గర సంస్థవాళ్లిచ్చిన లెవల్ యంత్రముంది. బాపు దాన్ని మర్యాదగా చూసి, తన గొట్టాన్నే వాడాడు.

మత్తడి ఐదు రోజుల్లో అయిపోయింది. ఊరివాళ్లు పనిగట్టుకుని చూడటానికి వచ్చారు. గోడ అంచు మీద అరచేయి పెట్టి అటునుంచి ఇటు నడిపి, ఎక్కడా తగలడం లేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. నేను పక్కన నిలబడి, ఏదో నేనే కట్టినట్టు గర్వపడ్డాను.

తర్వాత నన్ను రెండు రోజులు ఆఫీసుకు పిలిచారు. ఆరో కట్ట గీసిన కాగితం బాపుకిచ్చి వెళ్లాను. రాళ్లు కుప్పగా పోసి ఉన్నాయి, ఇద్దరు కూలీలున్నారు. మాలు వాడొద్దని నోటితో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు స్పష్టంగా రాయగలను. ఒకటి, పైన కట్టిన ఐదు కట్టలు ఆయన చూశాడు కదా అనుకున్నాను. రెండోది అసలు సంగతి. రాయి ఎట్లా పేర్చాలో బాపుకు నేను చెప్పడమనేది నా నోట్లోంచి రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మూడు గంటలకు తిరిగొచ్చాను. ఒర్రెలో గోడ లేచి ఉంది.

దూరం నుంచే తెలిసింది. ఐదు కట్టల్లా అది కుప్ప కాదు, కోట గోడ ముక్కలా ఉంది. రాళ్ల ముఖాలు సుత్తెతో చెక్కి ఒక్క తలానికి తెచ్చాడు. మత్తడిలో మిగిలిన సిమెంటు వానొస్తే గడ్డకట్టి పాడవుతుందని, ఇసుకతో మాలు కలిపి ప్రతి సందూ నింపాడు. తాపీ మొనతో గీతలు తీసి తడిగుడ్డతో తుడిచాడు. పైఅంచు ఈ చివర నుంచి ఆ చివరకు గొట్టం పెట్టి చూసిన మట్టం. కాగితంలో నేను గీసిన నడిమి పల్లం లేదు. సందులు లేవు. రెండు కొసలు ఒడ్డులోకి మూరెడు లోతు దిగాల్సింది, ఒడ్డును తాకి ఆగిపోయాయి. మూడు తప్పులూ నేను బైకు స్టాండు వేసేలోపే లెక్కపెట్టాను.

"ఎట్లుంది?" అన్నాడు బాపు. సిమెంటు చేతులు కడుక్కుంటూ, ఖాలా ఫోను చేసిన రోజు ముఖంతో.

"బాగుంది బాపూ."

"పైనోళ్లు పాపం మేస్త్రి లేక ఒట్టి రాళ్లు పేర్చుకున్నరు. నీ కాయితంల నడుమ తక్కువ గీసినవు, రాళ్లు సాలవనుకున్నవేమో. సరిపోయినయి. నిండ కట్టిన."

అవ్వ తన చెలక అంచున నిలబడి ఉంది. నన్ను పక్కకు పిలిచింది.

"ఏం సారూ, మధ్యల తొవ్వ అంటివి. ఏది తొవ్వ?"

"రేపు చేయిస్తనవ్వా."

"రేపు వాన ఆగుతదా?" అని ఆకాశం వైపు చూసింది. గుట్ట వెనక మబ్బు పట్టి ఉంది. ఆ మబ్బును నేనూ చూశాను. అప్పుడే గడ్డపార అడిగి తీసుకుని నడిమి రాళ్లు నాలుగు పెకిలిస్తే సరిపోయేది. మాలు ఇంకా పచ్చిగానే ఉంది. అరగంట పని. బాపు ముందు ఆ పని చేయడానికి నాకు చేతులు రాలేదు.

పహాడీషరీఫ్ దగ్గరికొచ్చేసరికి వాన అందుకుంది. వెనక కూర్చున్న బాపు జేబులో ఫోను మోగింది. ఎవరిదో కప్పు కారుతోంది. "ఆగయా మౌసమ్," కాలం వచ్చేసిందని నవ్వాడు. నేను నవ్వలేదు.

పొద్దున ఆరుగంటలకు అవ్వ ఫోను చేసింది. తిట్టలేదు.

"ఇంజనీరు సారూ, మీ గోడ మంచిగనే ఉన్నది. ఒక్క రాయి కదలలె. వచ్చి చూడుండ్రి."

ఇద్దరం వెళ్లాం. నిజంగానే ఒక్క రాయి కదలలేదు. వెనకాల బురదనీళ్లు మడుగు కట్టి నిలబడ్డాయి. బాపు ముందు గోడ దగ్గరికి వెళ్లాడు. కింది వైపు ముఖం మీద అరచేయి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. ముప్పయ్యేళ్ల అలవాటు, ఆయన ముఖంలో క్షణంపాటు తృప్తి కనిపించింది. తర్వాత కుడివైపు చూశాడు.

నీళ్లకు గోడలో తోవ దొరకలేదు. గోడ కొస దగ్గర ఒడ్డును తవ్వుకుని, చుట్టూ తిరిగి, అవ్వ చెలక మూల మీదుగా కిందికి దూకాయి. ఒడ్డు నిలువుగా తెగి ఉంది. తెగిన చోట పైన బెత్తెడు మందాన నల్లమట్టి, దాని కింద ఎర్రమట్టి, కత్తితో కోసినట్టు కనిపిస్తున్నాయి. అవ్వ అంచు పొడవునా అడుగులు వేసి కొలిచింది.

"మూడు సాళ్లు పోయినయి" అంది. అంతే.

మూడు సాళ్లంటే అరకతో మూడుసార్లు దున్నేంత వెడల్పు. ఆ మూలలోనే ఆమె పూడికమట్టి మందంగా పోసింది. ఇంకో గట్టి వాన పడితే తెగిన చోటు నుంచి లోపలికి ఇంకెంత పోతుందో నాకు తెలుసు. కొత్త తోవ దొరికిన నీళ్లు పాత తోవకు రావు.

"నిన్ననే తెలిసింది నాకు" అన్నాను బాపుతో. "చూడంగనే తెలిసింది. చెప్పలే."

ఆయన నావైపు తిరిగాడు.

"కప్పు కారుతదని ఎరికయ్యి ఇంటోళ్లకు చెప్పనోన్ని ఏమంటర్రా?"

ఆయన నా కాగితం అడిగి తీసుకున్నాడు. ఒడ్డు మీద కూర్చుని, ఈసారి ఒక్కో గీత మీదా వేలు పెట్టి అడిగాడు. ఈ సందు ఎందుకు, ఈ పల్లం ఎంత, ఎందుకంత, కొసలు లోపలికి ఎందుకు పోవాలె, కింద ఈ రాళ్ల పరుపు ఎందుకు. ప్రతిదానికీ చెప్పాను. ముందు రోజే జరగాల్సిన మాటలు. అన్నీ విని, లేచి అవ్వ దగ్గరికి పోయాడు.

"అక్కా, పనితనం గోడకు పెట్టిన, నీళ్లకు పెట్టలె. తప్పు నాది."

"నాదవ్వా" అన్నాను నేను.

"తప్పు పంచుకునుడు అయినంక చెప్పుండ్రి, గడ్డపార తెస్త" అంది ఆమె.

ఫోనులో ఐదో రోజుకు వాన చూపిస్తోంది. ఆలోపు గోడ విప్పాలి, రాళ్లకంటిన మాలు రాలగొట్టాలి, ఒడ్డులోకి గాడి తవ్వాలి, మళ్లీ పేర్చాలి, తెగిన అంచుకు రాళ్లు ఆనించాలి. నోటుబుక్కులో ఐదు పనులు, ఐదు రోజులు రాసుకున్నాను. విప్పడమే అన్నింటికన్నా ఆలస్యమైంది. మాలు పట్టేసింది. కూలీలు తీస్తామంటే బాపు ఒప్పుకోలేదు, తన గోడ తనే విప్పుతానన్నాడు. గడ్డపారతో ఒక్కో రాయీ ఊపుతూ, చెమటలు కారుతుంటే, "ఎవడ్రా వీడు, ఇంత గట్టిగ కట్టిండు" అని తిట్టుకున్నాడు. అవ్వ నవ్వింది. వాన తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి.

పేర్చేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మాలు లేకుండా రాయి నిలబెట్టడం బాపుకు అలవాటు లేదు. చదునైన ముఖం బయటికి పెట్టి అందంగా పేరిస్తే, కాలితో తోయగానే కదిలింది. అవ్వ వచ్చి ఆ రాయి తీసేసింది.

"గిట్ల పండబెడితే నీళ్లొచ్చి లేపుతయి మేస్త్రీ. పొడుగు లోపలికి పోవాలె, మూతి బయటికి ఉండాలె. కొంచెం ఎనకకు ఒరగాలె."

"మాలు లేకుండ ఎన్నొద్దులు నిలవడుతదక్కా?"

"గుట్టకు ఏ మేస్త్రి మాలు పెట్టిండు?"

బాపు తల పంకించాడు. ఆ తర్వాత రెండు రోజులు నేను చూసింది మర్చిపోలేను. ముప్పయ్యేళ్ల పని చేతిలో ఉన్న మనిషి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె ఎట్లా రాయి ఎంచుకుంటుందో చూస్తూ నేర్చుకున్నాడు. ఆమె కుప్ప వైపు చూసి వేలు పెట్టి చూపేది, ఈయన తెచ్చేవాడు. పెట్టాక ఆమె దాని మీద రెండు కాళ్లతో నిలబడి ఊగేది. ఊగితే తీసి తిప్పి మళ్లీ. పెద్దవి బయటికి, చిన్నవి లోపలికి. నేను డిప్లొమాలో ఇదంతా ఒక పేజీలో చదివాను, మార్కులు కూడా వచ్చాయి. నా చేతికి ఒక్క రాయీ ఆమె పెట్టినట్టు కుదరలేదు. బాపుకు రెండో రోజుకు కుదిరింది.

గొట్టం ఈసారి కూడా తీశాడు. రెండు కొసలూ ఒకే ఎత్తున ఉండాలి, నడుమ తొమ్మిది అంగుళాలు తక్కువ ఉండాలి. నీళ్లు నింపి, ఒక కొస అవ్వ చేతికిచ్చాడు. "కదలకుండ పట్టుకో అక్కా" అన్నాడు. ఆమె ఊపిరి కూడా బిగబట్టి పట్టుకుంది. నడిమి పల్లం ఎంత కచ్చితంగా వచ్చిందంటే, నా యంత్రంతో చూస్తే కాగితానికీ దానికీ వేలెడు తేడా కూడా లేదు.

చివరికి ఒక రాయి పట్టేంత చోటు మిగిలింది. కూలీ ఒకడు రాయి ఎత్తబోతే అవ్వ ఆపింది.

"మొదటి రాయి నాతోని పెట్టిచ్చి, కడమది మీరు కట్టుకున్నరు. ఈ పారి ఆఖరిది గూడ నేనే పెడత. నేను పెట్టేదాంక పని అయిపోయినట్టు కాదు."

అది ఆ ఊరి పద్ధతి కాదు, ఆమె అప్పుడే పెట్టింది. ఎవరూ కాదనలేదు. తర్వాత ఆమె ఎండిన కందికట్టె ఒకటి తెచ్చి, చెలకలో తెగిన అంచుకు జానెడు లోపల పాతింది. అది పడిపోయిందంటే చెలక ఇంకా పోయినట్టు. ఆమెకు అదే కొలత.

ఐదో రోజు వాన రాలేదు. ఆరో రోజు మధ్యాహ్నం గుట్ట మీద నల్లబడింది. బాపుకు ఆ రోజు శాలిబండలో కప్పు పని ఉండాల్సింది. ఇంటివాళ్లకు ఫోను చేసి రేపొస్తానని చెప్పి, నా బైకెక్కాడు. ఆయన వానాకాలంలో కారే ఇంటిని ఒకరోజు ఆపడం నాకు తెలిసి అదే మొదటిసారి.

మేం వెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి. బాపు ఫ్లాస్కుతో కట్ట కింది వైపు, ఒర్రెకు కొంచెం పైనున్న ఒక బండ మీద కూర్చున్నాడు. తల మీద యూరియా సంచి. కప్పులో చాయ్ పోసుకుని రాళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. పలకరించాను. పలకలేదు. మొదటి రెండు గంటలు మాట్లాడడని గుర్తొచ్చి నేనూ మానేశాను. అవ్వ పైన తన మూల దగ్గర, కందికట్టె పక్కన నిలబడింది. నేను ఇద్దరికీ మధ్య, గొడుగుతో, ఎటు చూడాలో తెలియక.

వాన పెరిగింది. పైన ఐదు కట్టలు ఒకదాని తర్వాత ఒకటి దాటుకుని నీళ్లొచ్చాయి. గోధుమరంగు నీళ్లు, పుల్లలు, ఆకులు. కట్ట వెనక చేరి, మందగించి, పైకి లేచాయి. మూరెడు. కుడివైపు కొసను తాకాయి. అవ్వ ఒక అడుగు ముందుకు వేసింది.

బాపు బండ మీద నుంచి లేచాడు. "కారుతున్నది" అన్నాడు.

రాళ్ల సందుల్లోంచి నీళ్లు వస్తున్నాయి. ముందు అడుగున ఒకచోట, తర్వాత మూడు చోట్ల, తర్వాత ముఖమంతా, సన్నటి ధారలుగా. వెనక ఉన్నంత బురదగా లేవు. అప్పుడే నడిమి పల్లంలోంచి ఒక పొర జారి, కింది రాళ్ల పరుపు మీద పడి, పగిలి, నెమ్మదిగా సాగిపోయింది.

"కారుతున్నదక్కా!" అని పైకి అరిచాడు. జీవితంలో ఆ మాట అంత సంతోషంగా ఆయన ఎన్నడూ అని ఉండడు.

"నా కండ్లు మంచిగనే ఉన్నయి మేస్త్రీ, కనవడుతున్నది" అని ఆమె. కానీ కట్టె దగ్గర్నుంచి కదల్లేదు. వాన వెలిసి, ఒర్రె పాదం మునిగేంతకు తగ్గేదాకా అక్కడే ఉంది. కట్టె నిలబడే ఉంది. ఆమె దాన్ని చేత్తో పట్టుకుని ఊపి చూసింది, రాళ్ల మీద నిలబడి ఊగినట్టే. తర్వాత దిగివచ్చి, బాపు దగ్గర చాయ్ అడిగి తాగింది.

రెండు రోజుల తర్వాత వెళ్తే కట్ట వెనక నీళ్లు ఇంకిపోయి, మెత్తటి మట్టి బెత్తెడు మందాన పరుచుకుని ఉంది. పై చేల నుంచి వచ్చిన మట్టి. అవ్వ తట్టతో దాన్ని ఎత్తుతోంది. బాపు ఆమె చేతిలోంచి తట్ట తీసుకున్నాడు. ఆమె నింపడం, ఈయన మోసుకెళ్లి ఆ మూలన కుమ్మరించడం, నేను పారతో సర్దడం. మధ్యలో ఆయన ఫోను రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

ముప్పై ఒక్క తట్టలు. నోటుబుక్కులో రాసుకున్నాను. మధ్యాహ్నానికి అవ్వ అంచు పొడవునా అడుగులు వేసి కొలిచింది. పోయిన మూడు సాళ్లలో ఒకటి తిరిగొచ్చిందంది. ఆ వారమే అందులో కంది విత్తింది. కట్టెను తీసి, ఒర్రె వైపు ఒక సాలు అవతల పాతింది.